నాన్న వద్దంటున్నారు, నాకేమో జర్మన్ పీహెచ్‌డీ కావాలి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో జర్మన్‌లో ఎంఏ చేశాను. ఇప్పుడు ఒక కంపెనీలో జర్మన్ ఇన్‌వాయిస్‌లు చూసే ఉద్యోగం. జర్మనీ వెళ్లి, జర్మన్‌లో కథలు, నవలలు రాసిన కాఫ్కా మీద పీహెచ్‌డీ చేయాలని కోరిక. నాన్నేమో ‘ఇన్‌వాయిస్‌లు చదివితే జీతం ఇస్తున్నారు, కథలు చదివితే ఎవరిస్తారు? ముందు పెళ్లి కానీ’ అంటున్నారు. నెల రోజులుగా మా మధ్య మాటల్లేవు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీ నాన్నగారి మాట కటువుగా ఉంది కానీ, అందులో న్యాయం లేకపోలేదు. యూనివర్సిటీల్లో పర్మనెంట్ ఉద్యోగం జర్మనీలోనూ అంత తేలిగ్గా దొరకదు. అక్కడి 2007 నాటి చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత మరో ఆరేళ్లు దాకా కాంట్రాక్టు మీదే పనిచేయించుకోవచ్చు. 2021లో అక్కడి యువ పరిశోధకులు ‘నేను హన్నాని’ అంటూ సోషల్ మీడియాలో గోల చేసింది దీని మీదే (ఈ చట్టాన్ని వివరిస్తూ ప్రభుత్వం చేసిన వీడియోలోని పరిశోధకురాలి పేరు హన్నా). ఈ సంగతి ఆయన ఎక్కడో వినేలోపు మీరే చెప్పండి.

మీ ఉత్తరంలో టాపిక్ ఏమిటో, గైడ్ ఎవరో మాత్రం లేదు. ఇంకా రాని సీటు కోసం ఇంట్లో యుద్ధం చేస్తున్నారన్నమాట! అక్కడ చాలాచోట్ల ముందు ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. ఆయన్ని ‘డాక్టోర్‌ఫాటర్’ అంటారు, అంటే డాక్టరేట్ తండ్రి. మీరు ఒప్పించాల్సిన తండ్రులు ఇద్దరు, ముందు ఈ ప్రొఫెసర్‌తో మొదలుపెట్టండి. ‘కాఫ్కా మీద’ అంటే ఆయన కదలరు. ఏ రచన, అందులో మీ ప్రశ్నేమిటి అన్నది రాసి పంపాలి. ఉద్యోగం మానకుండా ఆదివారాలు దానికి కేటాయించండి.

ఇక్కడి యూజీసీ నెట్ పరీక్ష కూడా రాయండి, అందులో జర్మన్ సబ్జెక్టు ఉంది. దాంతో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. హైదరాబాద్ ఇఫ్లూ యూనివర్సిటీలోనో, ఢిల్లీ జేఎన్‌యూలోనో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. సంబంధాలు తప్పించుకోవడానికే ఈ చదువా? అలాగైతే ‘ఇప్పుడే పెళ్లి వద్దు’ అని విడిగా చెప్పండి. దానికోసం నాలుగైదేళ్లు పరాయి దేశపు లైబ్రరీలో కూర్చోనక్కర్లేదు.

కాఫ్కా 1919లో తండ్రికి వంద పేజీలు దాటిన ఉత్తరం రాసినా, అది తండ్రికి చేరనే లేదన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. మీరు ఒక్క పేజీ రాయండి: ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, కుదరకపోతే ఏ ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక మీరే ఆయన చేతికివ్వండి. అమ్మతో పంపకండి.