స్టాంపులో ఒదిగిన పోస్టర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

1930ల మాంద్యంలో నిరుద్యోగులకు పని ఇచ్చిన అమెరికా ప్రభుత్వ సంస్థ డబ్ల్యూపీఏ (వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్). అది వేయించిన పోస్టర్లతో అమెరికా తపాలా శాఖ 2017 మార్చి 7న పది స్టాంపులు విడుదల చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్‌పార్క్‌లో, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్ష గ్రంథాలయంలో ఆ కార్యక్రమం జరిగింది. ఇరవై స్టాంపుల బుక్‌లెట్‌గా అమ్మిన ఈ స్టాంపుల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: కొందరు డబ్ల్యూపీఏ అంటారు, కొందరు పీడబ్ల్యూఏ అంటారు. ఆల్బమ్ పేజీ మీద ఏది రాయాలి?

డబ్ల్యూపీఏ అనే రాయండి. రెండూ రూజ్‌వెల్ట్ కాలపు సంస్థలే కానీ చేసిన పని వేరు. పీడబ్ల్యూఏ (పబ్లిక్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్) 1933లో పుట్టింది. హెరాల్డ్ ఇక్స్ ఆధ్వర్యంలో ఆనకట్టలు, వంతెనల వంటి పెద్ద నిర్మాణాలకు డబ్బిచ్చి, కాంట్రాక్టర్ల చేత కట్టించింది. డబ్ల్యూపీఏ 1935 మేలో మొదలైంది. హ్యారీ హాప్కిన్స్ నడిపిన ఈ సంస్థ నిరుద్యోగులను నేరుగా పనిలోకి తీసుకుంది. 1943లో మూతపడేలోగా సుమారు 85 లక్షల మందికి పని దొరికింది. రోడ్లు వేసిన చేతులకే కాదు, కుంచె పట్టిన చేతులకూ కూలి గిట్టాలన్న ఉద్దేశంతో పెట్టిన విభాగమే ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్. పోస్టర్లు అక్కడివే. కాబట్టి పేజీ మీద "డబ్ల్యూపీఏ, ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్, 1935–1943" అని రాస్తే సరిపోతుంది.

ప్రశ్న: పోస్టర్‌ను ఇంత చిన్న స్టాంపులోకి కుదించినా బొమ్మ చెదరలేదు. మామూలు వర్ణచిత్రాలు స్టాంపు మీద అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఎందుకని?

కారణం అచ్చు పద్ధతిలో ఉంది. మొదట్లో ఈ పోస్టర్లను ఒక్కొక్కటిగా చేత్తో వేసేవారు. తర్వాత న్యూయార్క్ విభాగంలో ఆంథొనీ వెలోనిస్ సిల్క్‌స్క్రీన్‌ను ప్రవేశపెట్టాడు. చెక్క చట్రానికి పట్టుబట్ట బిగించి, రంగు దిగకూడని చోట్లు మూసేసి, రబ్బరు పలకతో రంగును ఒక్క లాగు లాగడం ఆ పద్ధతి. ఒక్కో రంగుకు ఒక్కో తెర కావాలి. ఐదు రంగుల పోస్టరైతే ప్రతి కాగితం ఐదుసార్లు తెర కిందికి వెళ్ళాలి, మధ్యలో ప్రతిసారీ ఆరాలి. అందుకని చిత్రకారులు రంగులు తగ్గించుకున్నారు. నీడలు, సన్నని ఛాయలు వదిలేసి పెద్ద పెద్ద ఆకారాలతో బొమ్మ కట్టారు. వీధి అవతలి నుంచి చూసినా తెలియాలని వేసిన బొమ్మ అది, అందుకే చిన్నదైనా నిలబడింది. 'వర్క్ పేస్ అమెరికా', మోంటానా యాత్రా పోస్టర్, ప్యూర్టో రికో పోస్టర్లున్న స్టాంపులను చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి, ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. పోయిందల్లా రంగు మందం. అసలు పోస్టర్ మీద సిరా పొరగా నిలిచి ఉంటుంది. స్టాంపు మీద ఆ పొర ఉండదు.

ప్రశ్న: పాత సామాను అమ్మేచోట ఒక డబ్ల్యూపీఏ పోస్టర్ చూశాను. అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో మొదలుపెట్టండి. ఒకే రంగున్న చోట చిన్న చిన్న రంగు చుక్కలు గుత్తులుగా కనిపిస్తే అది ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చేసిన నకలు. ఇక చూడక్కర్లేదు. సిల్క్‌స్క్రీన్‌లో చుక్కలుండవు. రంగు చదునుగా, చిక్కగా ఉంటుంది. ఒక రంగు మీద ఇంకొకటి ఎక్కిన చోట చిన్న గట్టు కనిపిస్తుంది, అంచుల్లో రంగులు కాస్త పక్కకు తప్పుతాయి.

చుక్కలు లేనంత మాత్రాన అసలుదే అనుకోకండి. ఇవాళ్టికీ సిల్క్‌స్క్రీన్‌లో నకళ్ళు వేస్తున్నారు. చీకటి గదిలో లాంగ్‌వేవ్ అతినీలలోహిత దీపం కింద పెట్టండి. కాగితం నీలి తెలుపుతో ధగధగలాడితే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు. 1930ల కాగితంలో అది ఉండదు. తర్వాత అడుగున ఉన్న పేరు చదవండి. 1939లో సంస్థ పేరు వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ నుంచి వర్క్ ప్రాజెక్ట్స్ అడ్మినిస్ట్రేషన్‌గా మారింది. పొట్టి పేరు మాత్రం అదే. రెండో పేరుండి "1937" అని చెప్పి అమ్ముతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. కొలత కూడా చూడండి: చాలావాటికి 14×22 అంగుళాలు. దీన్ని ఒంటరి రుజువుగా పట్టుకోకండి, నకలుదారులకూ ఆ కొలత తెలుసు.

ప్రశ్న: కవరు మీద వచ్చిన ఈ స్టాంపును రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. ఊడలేదు సరికదా, అంచు పొర లేచింది. తప్పెక్కడ జరిగింది?

తప్పు మీది కాదు, జిగురుది. పాత సెల్ఫ్ అడ్హెసివ్ (తడపకుండానే అంటుకునే) స్టాంపుల్లో కాగితానికీ జిగురుకీ నడుమ నీళ్ళలో కరిగే పొర ఒకటి ఉండేది. సుమారు 2004 తర్వాత వచ్చిన అమెరికా స్టాంపులు చాలావాటిలో ఆ పొర లేదు. నీళ్ళు జిగురును కదిలించలేవు, కాగితాన్ని మాత్రం ఉబ్బిస్తాయి. ఆ స్థితిలో గోరు పెడితే పొర చీలుతుంది.

మా సలహా, ఊడదీయకండి. స్టాంపు చుట్టూ 6 మిల్లీమీటర్ల కవరు కాగితం వదిలి, స్కేలు పెట్టి సూటిగా కత్తిరించండి. తపాలా ముద్ర స్పష్టంగా ఉంటే కత్తిరింపూ వద్దు, కవరు మొత్తం దాచండి.

తప్పదంటే నారింజ నూనె ద్రావకం వాడాలి. ముందు పనికిరాని స్టాంపు మీద ప్రయత్నించండి. స్టాంపు ఉన్న కవరు ముక్కను బోర్లా పెట్టి, వెనక కాగితం మీద ద్రావకం చల్లండి. ఒక నిమిషంలోపే కాగితం నూనె పీల్చి పారదర్శకమవుతుంది. అప్పుడు కవరు కాగితాన్ని వంచుతూ స్టాంపు నుంచి లాగండి. స్టాంపును వంచి లాగితే అది చుట్టుకుపోతుంది, ఆ మడత మళ్ళీ పోదు. వెనక మిగిలిన జిగటకు టాల్కం పౌడరు అద్ది, ఒక్క నిమిషం ఆగి మెత్తని కుంచెతో దులపండి. పౌడరు వేయకపోతే ఆల్బమ్‌లో పక్క పేజీకి అంటుకుంటుంది. ఈ ద్రావకానికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి. ప్లాస్టిక్ పళ్ళెం వద్దు, గాజుది వాడండి.

వాడని బుక్‌లెట్లను ఒకదానిమీద ఒకటి బరువుగా పేర్చకండి. వేడికి, ఒత్తిడికి స్టాంపుల మధ్య కోతల్లోంచి జిగురు బయటికి ఊరుతుంది. పీవీసీ కవర్లు కాకుండా పాలీప్రొపిలీన్ కవర్లలో నిలువుగా పెట్టండి.

ప్రశ్న: 2019లో వచ్చిన పోస్టాఫీసు కుడ్యచిత్రాల స్టాంపులనూ ఇదే పేజీలో పెట్టవచ్చా?

పక్క పేజీలో పెట్టండి. కాలం ఒకటే కానీ ఆ కుడ్యచిత్రాలు డబ్ల్యూపీఏవి కావు. ఖజానా శాఖలోని సెక్షన్ అనే విభాగం ఎక్కువగా పోటీలు పెట్టి, చిత్రకారులను ఎంపిక చేసి వేయించింది. పిగ్గట్, అనడార్కో వంటి ఊళ్ళ పోస్టాఫీసుల గోడల మీదివి అవి. ఈ పొరపాటు ఎంతో అనుభవం ఉన్నవాళ్ళ ఆల్బముల్లో కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: మా దగ్గర మిగిలిన స్టాంపులు ఇప్పుడు అమెరికాలో చెల్లుతాయా?

చెల్లుతాయి. ఇవి ఫరెవర్ స్టాంపులు. 2017లో 49 సెంట్లకు కొన్నా, 2025 జూలైలో 78 సెంట్లకు చేరిన ఔన్సు ఉత్తరానికి అదే ఒక్కటి చాలు. సేకరణ వస్తువుగా ధర పెరుగుతుందని మాత్రం ఆశపడకండి.

ప్రశ్న: స్టాంపును స్కాన్ చేసి పెద్దదిగా అచ్చేసుకుని గోడకు పెట్టుకోవాలని ఉంది.

స్టాంపును స్కాన్ చేయకండి. పెద్దది చేస్తే అచ్చు చుక్కలే మిగులుతాయి. పైగా 1978 నుంచి వచ్చిన స్టాంపుల డిజైన్ల మీద హక్కులు తపాలా శాఖవి. అసలు పోస్టర్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 900కు పైగా ఉన్నాయి, ఆ సంస్థ వెబ్‌సైటులో పెద్ద టిఫ్ ఫైళ్ళు దొరుకుతాయి. ప్రతి పోస్టర్ కింద హక్కుల వివరం చదువుకుని తీసుకోండి. 14×22 అంగుళాలకు అచ్చేయాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 4200×6600 పిక్సెళ్ళు కావాలి. నిగనిగలాడే ఫోటో కాగితం వద్దు. మెరుపులేని మందపాటి కాగితం మీదే ఆ చదునైన రంగులు సహజంగా కనిపిస్తాయి.