అమ్మకు హాల్లో పిల్లలు కనిపిస్తున్నారట... నిద్రమాత్ర ఎవరు వేయమన్నారు?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. రెండు కళ్లకూ నీటికాసులు (గ్లకోమా). నెల రోజులుగా సాయంత్రమైతే చాలు, హాల్లో సోఫా పక్కన రంగురంగుల గౌన్లు వేసుకున్న పిల్లలు ఆడుకుంటున్నారంటోంది. మాట్లాడరట, ఊరికే తిరుగుతారట. ఎవరూ లేరని తనకూ తెలుసు. పింఛను లెక్కలు ఇప్పటికీ తనే చూసుకుంటుంది. పక్కింటివాళ్లు ఇచ్చిన నిద్రమాత్ర వేస్తున్నాం. ఎమ్మారై తీయిస్తే తేలుతుందా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: స్కాన్ సంగతి తర్వాత. ఆ మాత్ర పక్కింటావిడకు ఏ డాక్టర్, ఎందుకు రాశారో మీకు తెలుసా? ఈ వయసులో నిద్రమాత్ర వేసుకుని, రాత్రి బాత్రూమ్‌కి లేచి, తూలిపడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లను తరచూ చూస్తుంటాం. కొందరికి అయోమయం కూడా పెరుగుతుంది. అలాగని ఇవాళే ఠక్కున మానేయొద్దు. ఎన్నాళ్లుగా వేస్తున్నారో ఫిజీషియన్‌కి చెప్పి, ఎలా తగ్గించాలో అడగండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది చార్లెస్ బోనే సిండ్రోమ్ కావచ్చు. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను. అంటే చూపు తగ్గినవాళ్లకు లేనివి కనిపించడం. పిచ్చి, గాలి సోకడం లాంటి మాటలు ఇంట్లో అననివ్వకండి. జెనీవాకు చెందిన బోనే 1760లోనే, శుక్లాలతో చూపు తగ్గిన తన తాతకు మనుషులు, పక్షులు, బండ్లు కనిపించడం గురించి రాశాడు. ఆ పెద్దాయన బుర్ర కూడా మీ అమ్మగారిలాగే చురుగ్గానే ఉండేది.

కన్ను పంపేది అరకొర కబురే, మిగతాది మెదడు పూరించుకుంటుంది. కాగితం మీద ఒక ప్లస్ గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని అడుగు దూరంలో మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట చుక్క మాయమవుతుంది. అక్కడ నల్లటి చిల్లు కనిపించదు, తెల్ల కాగితమే కనిపిస్తుంది. అది మెదడు చేసిన అతుకు. కంటి నుంచి కబుర్లు బాగా తగ్గితే మెదడు సొంతంగా బొమ్మలే వేసుకుంటుంది. ఇలాంటివాళ్లకు స్కాన్ చేసి చూసినప్పుడు, రంగులు కనిపిస్తున్నవారిలో రంగులను పోల్చుకునే భాగమే పనిచేస్తూ కనిపించింది. కాబట్టి ఆమెతో వాదించకండి. చీకటి పడకముందే లైటు వేయండి. పిల్లలు కనిపించినప్పుడు కళ్లను కుడికీ ఎడమకీ నాలుగైదుసార్లు తిప్పమనండి, కొందరికి పోతాయి.

నాకు అసలు దిగులు వేరే. నీటికాసులకు కంట్లో వేసే చుక్కల మందు గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. కంటి ప్రెషర్ చూపించి ఎన్నాళ్లయింది? నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదమ్మా. మంటగా ఉందని చుక్కలు మానేసి, ఏడాది తర్వాత గోడ పట్టుకుని నడుస్తూ వచ్చేవాళ్లకు నేను చేయగలిగింది చాలా తక్కువ. కొన్ని చుక్కల వల్ల కూడా అరుదుగా లేనివి కనిపిస్తాయి. అయినా సొంతంగా ఆపొద్దు, ఈ వారంలోనే కంటి డాక్టర్‌కి చూపించండి.

మాటలు వినిపించినా, ఆ పిల్లలు నిజమేనని నమ్మినా, చేతులు వణికినా, నడక మందగించినా న్యూరాలజిస్టును కలవండి. ఎమ్మారై అవసరమో కాదో ఆయన చెబుతారు. జ్వరం, మూత్రంలో మంట ఉండి హఠాత్తుగా తికమకపడితే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు చుక్కల సీసా, ఆ నిద్రమాత్రల స్ట్రిప్ రెండూ సంచిలో వేసుకోండి.