గోవాలో సముద్రం దిగబోయే బిడ్డకు

పాలమూరు

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి ఒకే రోజు చేసే గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌ పోటీకి పేరిచ్చావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది. 2019లో ఆ పోటీ మన దేశానికి వచ్చినప్పుడు నల్గొండ నుంచి ఒక ఆడపిల్ల పోతుందని ఎవరైనా అంటే నేనే నమ్మేవాణ్ని కాదేమో.

లక్షన్నర పెట్టి తేలికగా ఉండే కార్బన్ సైకిల్ కొనాలా అని అడిగావు. ఇప్పుడు వద్దు. ఉన్న సైకిల్‌కు బ్రేకులు, టైర్లు, చైన్ బాగుంటే చాలు. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం నీ ఒంటికి సరిపోయేలా తెలిసినవాళ్లతో ఒకసారి సెట్ చేయించుకో. మిగిలిన పైసలు, మిగిలిన టైమ్ నీళ్ల మీద పెట్టు.

ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. దూరం చూస్తే ఈతే అన్నిటికన్నా చిన్నది. కానీ మన జిల్లాల నుంచి పోయేవాళ్లను ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. గంటా 10 నిమిషాల్లో ఒడ్డుకు రాకపోతే పోటీ అక్కడితో అయిపోతుంది, సైకిల్ ముట్టనివ్వరు.

మన దగ్గర ఈత అంటే బావిలో నేర్చుకున్నదే. నడుముకు సొరకాయ బుర్రో, డబ్బానో కట్టి తోసేస్తే వచ్చిన ఈత. దానితో వచ్చిన ధైర్యం ఎక్కడికీ పోదు. కానీ ఆ ఈతలో తల పైకే ఉంటుంది. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. అప్పుడు ప్రతి బారకూ ఛాతీతో నీళ్లను నెట్టుకుంటూ పోవాలి, సగం దూరానికే ఒళ్లు అలిసిపోతుంది. ముఖం నీళ్లలో పెట్టి, గాలి లోపలే పూర్తిగా వదిలేసి, తల పక్కకు తిప్పి పీల్చడం ముందు నేర్చుకో. చాలామందికి ఆయాసం వచ్చేది లోపలి గాలి సరిగ్గా వదలకపోవడం వల్లే.

పూల్‌లో వారానికి మూడు రోజులైనా దిగు. నెలకోసారి హైదరాబాద్ వెళ్లి గచ్చిబౌలిలోని 50 మీటర్ల పూల్‌లో ఈదు. అందులో 38 సార్లు ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోతే 1.9 కిలోమీటర్లు అవుతుంది. గోడ పట్టుకుని ఆగకుండా తిరుగు, సముద్రంలో గోడ ఉండదు. ప్రతి ఎనిమిది, పది బారలకోసారి మొసలిలా కళ్లవరకే తల ఎత్తి ఎదురుగా చూసి, మళ్లీ దించెయ్. సముద్రంలో పూల్‌లోలా అడుగున గీతలుండవు కాబట్టి దారి గుర్తుగా నీళ్ల మీద తేలే పెద్ద రంగు బుడగలను ఇట్లా చూసుకుంటూనే దారి పట్టాలి. చూడకుండా ఈదితే వంకరగా పోయి దూరం పెంచుకుంటావు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్రాక్టీస్ పేరుతో నాగార్జునసాగర్ ఎడమ కాల్వలో దిగొద్దు. పైకి నిమ్మళంగా కనిపించే నీళ్లకు లోపల గుంజుడు ఉంటుంది. సిమెంటు గట్లకు పాచి పట్టి కాలు ఆనదు, పట్టుకుందామంటే ఏమీ దొరకదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఆ కాల్వల్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. డ్యామ్‌లోనూ వద్దు. బావిలో దిగినా ఒంటరిగా దిగొద్దు.

పోటీ రోజు గోవాలో ఈత మొదలయ్యే మీరామార్ బీచ్‌లో మొదటి ఐదు నిమిషాలు గుండె దడదడలాడుతుంది, ఎవరి కాలో చెయ్యో తగులుతుంది. అప్పుడు వెల్లకిలా తిరిగి తేలుతూ పది ఊపిర్లు తీసుకో. పడవ మీద ఉన్నవాళ్లకు చెయ్యి ఊపితే వస్తారు. ఆ పడవ పట్టుకుని ఆగొచ్చు, దాంతో ముందుకు పోనంతవరకు తప్పు లేదు. ఏ రకం ఈత ఈదినా ఒప్పుకుంటారు.

ఇక సైకిల్. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయి వస్తే దాదాపు 80 కిలోమీటర్లు, ఆదివారం తెల్లవారుజామున అది చాలు. మీ బాపు బండి మీద వెనక వస్తానన్నాడట, వద్దనకు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచుకు రాళ్లు పెడతారు, రాత్రి నల్ల పట్టాలు కప్పుతారు. చీకట్లో అవి కనిపించవు. లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలూ అంతే. బాగా తెల్లవారాకే వేగం పెంచు.

పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉన్న ఊళ్లలో పంక్చర్ వేయడం రాకుండా ఉండకూడదు. పోటీలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. ట్యూబ్ మార్చేముందు టైర్ లోపల వేలి కొనతో చుట్టూ మెల్లగా తడిమి చూడు. ముల్లు కొన రబ్బరులోనే విరిగి ఉంటుంది. దాన్ని పీకకుండా కొత్త ట్యూబ్ పెడితే కిలోమీటరు పోకముందే మళ్లీ గాలి దిగుతుంది.

వేగం గురించి ఒక లెక్క చెప్తా. ఈత 55 నిమిషాలు, బట్టలు మార్చుకోవడానికి పది, సైకిల్ నాలుగు గంటలు అనుకో. 5 గంటల 5 నిమిషాలైంది. పోటీ మొదలైనప్పటి నుంచి 5 గంటల 30 నిమిషాల లోపు సైకిల్ దిగాలి, మొత్తం 8 గంటల 30 నిమిషాల లోపు ముగించాలి. అంటే పరుగుకు ఇంకా దాదాపు 3 గంటల 25 నిమిషాలున్నాయి. కిలోమీటరు ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున పరుగు, నడక కలిపి పోయినా 3 గంటల్లో అయిపోతుంది. కాబట్టి ఎవరో దాటిపోయారని సైకిల్ మీద కాళ్లు పిండుకోవద్దు. ముందున్న సైకిల్ వెనక అతుక్కుని పోవడం కూడా నిషేధం, 12 మీటర్ల ఎడం ఉంచాలి.

నల్గొండ ఎండలో పెరిగినదాన్ని, గోవా ఎండ నన్నేం చేస్తుందిలే అనుకోకు. మన ఎండ పొడి ఎండ. చెమట వెంటనే ఆరుతుంది, ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అక్కడి ఉక్కలో చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు. లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదు. అందుకే గంట సైకిల్ తొక్కడానికి ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి బరువు చూసుకో. కిలో తగ్గితే, తాగింది కాక ఇంకో లీటరు పోయిందని అర్థం. దాన్నిబట్టి గంటకు ఎంత తాగాలో నీకే తెలుస్తుంది. ఉత్త నీళ్లే అదేపనిగా తాగొద్దు, రక్తంలో ఉప్పు పలచబడితే ప్రమాదం. ఓఆర్ఎస్ కలిపి పెట్టుకో. సైకిల్ మీద గంటకు 60 గ్రాముల పిండిపదార్థమైనా పడాలి. మంచి అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది, ఖర్జూరాలు కలుపుకో. ఆకలయ్యాక తినడం కాదు, మొదటి అరగంట నుంచే తినాలి. జొన్నరొట్టె మంచిదే కానీ ముందు రోజు వద్దు, తెల్లన్నం, పెరుగుతో సరిపెట్టుకో. నాటుకోడి తిరిగొచ్చాక.

పరుగుకు పెద్దగా చెప్పేది లేదు, నీ కాళ్లు మంచివి. సైకిల్ దిగిన వెంటనే 20 నిమిషాలు పరుగెత్తే అలవాటు మాత్రం చేసుకో. ఎండలో ఉన్నట్టుండి చలిగా అనిపించినా, కళ్లు తిరిగినా ఆగిపో, వైద్యుల టెంటుకు పో. వచ్చే ఏడు మళ్లీ పోవచ్చు.

మీ అమ్మకు స్విమ్మింగ్ డ్రెస్ గురించి మనసులో ఉంది, నీతో అనడం లేదు. నేను మాట్లాడతా. నువ్వు ఈ వారంలోనే హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకో. మన ఇళ్లలో ఆడపిల్లలకు రక్తం తక్కువుండడం మామూలే, ఇంత శ్రమ పెట్టేముందు అది తేల్చుకోవాలి. గుండెకు ఈసీజీ కూడా తీయించు. రిపోర్టులు డాక్టరుకు చూపించి నాకు పంపు, అవి చూశాకే వారం వారీగా ప్రాక్టీస్ రాసిస్తా.

మీ పెదనాన్న