నవల ఆవిష్కరణకు నాటకాల హాలే మేలు: విశాఖలో నా అనుభవం

మీ తొలి చారిత్రక నవలను విశాఖపట్నంలో ఆవిష్కరించడానికి పెద్ద ఆడిటోరియం తీసుకోవాలా, ఏదైనా నాటక సమాజం వారి చిన్న హాలు సరిపోతుందా అని మీరు అడిగారు. నేను రెండో దారిలో వెళ్లినవాణ్ణి కనుక సంకోచం లేకుండా చెబుతున్నాను, నాటకాల వాళ్ల దగ్గరికే వెళ్లండి.

నా నవల పద్మనాభ యుద్ధం గురించి. పేష్కషు (కంపెనీకి కట్టవలసిన కప్పం) బకాయిల మిషతో ఈస్టిండియా కంపెనీ విజయనగరం ప్రభువు చిన విజయరామరాజును మచిలీపట్నం వెళ్లిపొమ్మంటే, ఆయన వెళ్లకుండా పద్మనాభం కొండ దగ్గర విడిది చేశారు. 1794 జూలై 10 తెల్లవారుజామున కంపెనీ సైన్యం మీదపడి ఆయననూ ఆయన వెంట నిలిచిన సర్దారులనూ నేలకూల్చింది. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథలు ఊరూరికీ మోసుకువెళ్లాయి గాని, భీమిలికి దగ్గరలోనే జరిగిన ఈ పోరుకు అంత భాగ్యం దక్కలేదు.

పాతపోస్టాఫీసు ప్రాంతంలో మేడమీద రిహార్సల్స్ చేసుకునే ఒక సమాజం వారు నాకు హాలు ఉచితంగా ఇస్తూ ఒకే షరతు పెట్టారు: ఉపన్యాసాలు ఉండకూడదు, వారి నటులు ఒక అధ్యాయం చదువుతారు. నాకు ప్రాణం లేచివచ్చింది. వేదికమీదే పుస్తకాన్ని మొదటిసారి తెరిచి, వెనక అట్ట చదివి, అరగంట తన గురించే మాట్లాడే వక్తలను ఎందరినో భరించాను. జ్యోతి ఆరిపోతుందని ఫ్యాన్లు ఆపేసి, మే నెల విశాఖ ఉక్కలో మనిషికొక శాలువా కప్పడం ఏ మర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ సాయంత్రం చదివిన నటుడు పగలు పోర్టులో ఉద్యోగం చేసే మనిషి. యుద్ధానికి ముందు రాత్రి రాజుగారు గుడారంలో సర్దారులతో మాట్లాడే ఘట్టం ఎంచుకున్నాడు. నేను ఎంతో మురిసిపోయి రాసుకున్న సమాసాల దగ్గర అతని నాలుక రెండుసార్లు తడబడింది. మూడోసారి అతను ఆ వాక్యాన్ని నిర్దాక్షిణ్యంగా వదిలేసి, తరువాతి చిన్న మాటను గొంతు తగ్గించి పలికేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. అంతలో కంపెనీ గుర్రాలు పండిన వరిచేలను తొక్కుకుంటూ వచ్చాయన్న వాక్యం వచ్చింది. వెనక వరసలో కూర్చున్న పద్మనాభం వైపు రైతు ఒకాయన లేచి, "బాబూ, జూలై అంటే ఆషాఢం కదా, అప్పటికి మాకు ఉభాలైనా అవ్వవు, పండిన సేను ఎక్కడుంటాది? ఆకుమళ్లు తొక్కించు" అన్నారు. ఉభాలంటే వరినాట్లు, ఆకుమళ్లంటే నారుమళ్లు. హాలంతా గొల్లుమంది. విశాఖ జిల్లా వివరాలతో కార్మైకేల్ 1869లో వెలువరించిన మాన్యువల్‌ను అట్ట ఊడేదాకా తిరగేసిన నాకు, రాతప్రతి చూసిన ముగ్గురు మిత్రులకు, పరిష్కర్తకు తట్టని సంగతి అది! పెద్ద ఆడిటోరియంలో, దండల మధ్య, ఆ రైతు నోరు తెరిచేవారే కాదని నా గట్టి నమ్మకం.

గురజాడవారి కన్యాశుల్కం కూడా 1892లో విజయనగరంలో ప్రదర్శన జరిగాక, 1897లో గాని అచ్చుకాలేదు. నాటకానికి అది సహజమే అనవచ్చు గాని, నవలకు మాత్రం చెవులు అక్కర్లేదా? అందుచేత మీరు అడగనిది కూడా చెబుతున్నాను: ఆవిష్కరణ తేదీ పెట్టుకోకముందే, ఇంకా ప్రూఫులు చేతిలో ఉండగానే, అదే హాల్లో ఒక సాయంత్రం చదివించుకోండి. నటులకు టీ, సమోసాలు, ఆటోఛార్జీలు ఇస్తే చాలు.

నేను ఆ పని చేయలేదు. మూడు వందల ప్రతులు వేయించాను, ఆ రాత్రి నలభై ఒకటి అమ్ముడుపోయాయి. మిగిలిన వాటిలో "పండిన వరిచేలను" కొట్టేసి "ఆకుమళ్లను" అని బాల్‌పెన్నుతో దిద్దడానికి నాకూ మా ఆవిడకూ రెండు ఆదివారాలు పట్టింది.