కటాంగా మ్యాప్‌లో ఎందుకు లేదు?

ప్రశ్న: పరమవీర చక్ర అందుకున్న కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా ఆఫ్రికాలోని కటాంగాలో చనిపోయారని చదివాను. మ్యాప్‌లో ఎంత వెతికినా ఆ దేశం కనపడలేదు. ఏమైంది దానికి? మనవాళ్లు అక్కడికెందుకు వెళ్లారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు సరిగ్గానే వెతికారండీ, ఆ దేశాన్ని ప్రపంచంలో ఒక్క ప్రభుత్వం కూడా గుర్తించలేదు. కటాంగా అప్పట్లో కాంగోలోనే దక్షిణ భాగాన ఉన్న రాష్ట్రం. 1960 జూన్ 30న బెల్జియం నుంచి కాంగోకి స్వాతంత్ర్యం వచ్చింది, రెండు వారాలైనా గడవకముందే జూలై 11న కటాంగా నాయకుడు మొయిజ్ చోంబే "మాది వేరే దేశం" అని ప్రకటించేశాడు.

అసలు విషయమంతా నేల కింద ఉంది. రాగి, కోబాల్ట్, యురేనియం. కటాంగా జెండా మీద కూడా మూడు రాగి శిలువలు ఉండేవి, పూర్వం అక్కడ డబ్బుగా చెల్లిన రాగి ముక్కల ఆకారం అది. గనులేమో యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీవి. ఆ కంపెనీ కాంగోకి కట్టాల్సిన పన్నులు చోంబేకి కట్టింది, కిరాయి సైనికులు దిగారు, బెల్జియం అధికారులు దగ్గరుండి నడిపించారు. దీన్ని ప్రజల స్వాతంత్ర్య పోరాటం అనడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే ఉత్తర కటాంగాలోని బలూబా ప్రజలు ఎదురు తిరిగితే వాళ్ల ఊళ్లనే తగలబెట్టారు.

కాంగో తొలి ప్రధాని లుముంబాని బంధించి కటాంగాకే పంపారు. 1961 జనవరి 17 రాత్రి కాల్చి చంపి, తర్వాత శవాన్ని యాసిడ్‌లో కరిగించారు. మిగిలింది బంగారు తొడుగున్న ఒక్క పన్ను, దాన్ని బెల్జియం ఆయన పిల్లలకి అప్పగించింది 2022లో! ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఆ హత్య తర్వాత, అవసరమైతే బలం వాడొచ్చని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది, ఆ సమితి సేనలో భాగంగా నెహ్రూ మన సైన్యం నుంచి ఒక బ్రిగేడ్‌ని పంపారు. 1961 డిసెంబర్ 5న కటాంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో దారి మూసేసిన సుమారు 90 మంది చోంబే మనుషుల మీదికి సలారియా 16 మంది గూర్ఖాలతో దూకారు. మెడలో తూటా దిగినా ఆగలేదు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు.

ఇంకో ఏడాది గడిచాక, 1963 జనవరిలో చోంబే చేతులెత్తేశాడు, కటాంగా మళ్లీ కాంగోలో కలిసిపోయింది. ఎలిజబెత్‌విల్ పేరు ఇప్పుడు లుబుంబాషి, మ్యాప్‌లో జాంబియా సరిహద్దు దగ్గర చూడండి, కనిపిస్తుంది.