తెలుగు షార్ట్ ఫిల్మ్‌ను చిన్న ఊరి ఫెస్టివల్‌కు పంపాలా, నేరుగా యూట్యూబ్‌లో పెట్టాలా?

మీరు 18 నిమిషాల తెలుగు షార్ట్ ఫిల్మ్ పూర్తి చేశారు. కర్ణాటకలోని ఒక చిన్న పట్టణంలో జరిగే ఫెస్టివల్ దానిని ఎంపిక చేసింది. అంత దూరం వెళ్లి వందమందికి చూపించే బదులు యూట్యూబ్‌లో పెడితే వేలమంది చూస్తారని స్నేహితులు అంటున్నారు, ఏం చేయమంటారని అడిగారు. ముందు ఆ ఊరికే పంపండి, వీలైతే మీరే స్వయంగా వెళ్లండి, యూట్యూబ్ సంగతి తరువాత చూడవచ్చు అన్నది నా సమాధానం. నేను బెంగళూరులో ఉంటూ కొన్నేళ్లుగా ఇటువంటి చిన్న ఫెస్టివళ్లలో సినిమాల ఎంపికకూ ప్రదర్శన ఏర్పాట్లకూ సాయపడుతున్నాను. నేను తీసిన చిన్న సినిమా ఒకటి కోలారు వైపు ఒక తాలూకా పట్టణంలో ప్రదర్శితమైంది కూడా.

పెద్ద నగరాల ఫెస్టివళ్లలో ఒకే సమయానికి నాలుగైదు తెరల మీద సినిమాలు నడుస్తుంటాయి. పక్క తెర మీద పేరున్న దర్శకుడి పూర్తి నిడివి సినిమా ఉన్నప్పుడు, షార్ట్ ఫిల్మ్‌ల హాలుకు వచ్చేవారిలో సగం మంది ఆ సినిమాలు తీసినవాళ్లూ వాళ్ల మిత్రులే అయివుంటారు. చిన్న ఊళ్లో ఉండేది ఒకటే హాలు. అది కల్యాణమండపం కావచ్చు, కాలేజీ సెమినార్ హాలు కావచ్చు, ఇంకా మూతపడని పాత థియేటరు కావచ్చు. వచ్చినవాళ్లంతా ఉదయం నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటారు కనుక మీ సినిమాకు పోటీగా ఆ సమయంలో మరొకటి ఉండదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకొనేది తాము కలిసి చూసిన అవే సినిమాల గురించి. ఊరి టీచర్లు, విద్యార్థులు, బయటి నుంచి వచ్చిన దర్శకులు, ఎంపిక కమిటీ సభ్యులు ఒకే బల్ల దగ్గర కూర్చొని మీ ముగింపు గురించి వాదించుకోవడం పెద్ద ఫెస్టివల్‌లో దాదాపు అసాధ్యం. నా దృష్టిలో చిన్న ఊరి అసలు బలం ఇదే.

నా సినిమా అనంతపురం జిల్లాలో బోరు వేయించే ఒక కుటుంబం కథ. అందులో ఒక పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలంలో నడుస్తూ నీటి జాడ చూసే దృశ్యం ఉంది. బెంగళూరులో చూపించినప్పుడు ఆ చోట హాలంతా నవ్వింది. ఆ తాలూకా పట్టణంలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. అక్కడి వారిలో చాలామందికి తెలుగు వచ్చు, బోర్లు ఎండిపోవడమూ తెలుసు. చర్చ మొదలవగానే ఒక రైతు లేచి, తమ పొలంలో అలా చూపించిన చోట ఎంత లోతు వేసినా నీళ్లు పడలేదనీ, అయినా మళ్లీ వేయించవలసి వస్తే ఆ మనిషినే పిలుస్తాననీ చెప్పారు. ఎందుకని పక్కవారు అడిగితే, ఎక్కడో ఒకచోట వేయాలి కదా, ఎక్కడ వేయాలో చెప్పే మనిషి ఒకరు ఉండాలి కదా అన్నారు. నా సినిమా దేని గురించో నాకంటే స్పష్టంగా ఆయన చెప్పారనిపించింది; నేను తరువాత రాసిన కథ ఆ మాటలోంచే పుట్టింది. యూట్యూబ్ వ్యాఖ్యల కింద ఇటువంటి సంభాషణ జరగదని అనను గాని, నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

చిన్న ఊరంటే చిన్న సినిమాకు రెండో తరగతి వేదిక అన్న అభిప్రాయమూ సరికాదు. ప్రపంచంలోని అతి పెద్ద షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ జరిగేది పారిస్‌లో కాదు, మిషెలిన్ టైర్ల కంపెనీ పుట్టిన క్లెర్మాఁ-ఫెరాఁ అనే ఊళ్లో. జర్మనీలో బొగ్గు, ఉక్కు పరిశ్రమల పట్టణమైన ఓబర్‌హౌజెన్‌లో 1954లో మొదలైన షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌లోనే, 1962లో 26 మంది యువ దర్శకులు పాత సినిమా చచ్చిపోయిందని ప్రకటించారు. మన పక్కనే, శివమొగ్గ జిల్లా హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణ స్థాపించిన నాటక సంస్థ నీనాసం 1970లలోనే ఫిల్మ్ సొసైటీ నడిపి ప్రపంచ సినిమాను పల్లె ప్రేక్షకులకు చూపించింది. హిమాచల్ ప్రదేశ్ కొండల మధ్యనున్న ధర్మశాల పట్టణంలో సినీ దర్శకులు రీతూ సరీన్, టెన్జింగ్ సోనమ్ 2012లో మొదలుపెట్టిన ఫెస్టివల్‌కు దేశం నలుమూలల నుంచీ స్వతంత్ర దర్శకులు వెళుతున్నారు.

యూట్యూబ్‌ను నేను తక్కువ చేయడం లేదు. తెలుగులో షార్ట్ ఫిల్మ్ పెరిగిందే అక్కడ. తరుణ్ భాస్కర్ వంటివారు షార్ట్ ఫిల్మ్‌లు తీసిన తరువాతే పెద్ద తెరకు వచ్చారు. అయితే వరస ముఖ్యం. ఫెస్టివల్‌లో చూపించాక యూట్యూబ్‌లో పెట్టవచ్చు, కాని అప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న సినిమాను తీసుకోని ఫెస్టివళ్లు చాలా ఉన్నాయి. 40 నిమిషాలకు మించని షార్ట్ ఫిల్మ్‌లకు ఆస్కార్ పోటీలో చోటు ఉంది గాని, అర్హత పొందకముందే ఇంటర్నెట్‌లో విడుదలైతే ఆ దారి మూసుకుపోతుంది. ఆ అర్హతనిచ్చే ఫెస్టివళ్లలో 2011లో మొదలైన మన బెంగళూరు షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ కూడా ఒకటి.

ఇక ప్రదర్శన విషయానికి వస్తే, శ్రద్ధ ఎక్కువగా అవసరమైనది ఇక్కడే. పెద్ద ఫెస్టివళ్లు డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టర్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసే డిజిటల్ ప్రతి, అడుగుతాయి. చిన్న ఊళ్లలో చాలాచోట్ల లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్రొజెక్టర్‌కు కలిపి నడిపిస్తారు. కనుక లాప్‌టాప్‌లో సులువుగా నడిచే మామూలు వీడియో ఫైల్ (హెచ్.264) ఒకటి తప్పక సిద్ధం చేసుకోండి. మీ దగ్గర ఆరు చానళ్ల 5.1 సౌండ్ మిక్స్ ఉన్నా రెండు చానళ్ల స్టీరియో మిక్స్ విడిగా చేయించండి, ఎందుకంటే రెండే స్పీకర్లున్న హాల్లో మధ్య చానల్‌లోని సంభాషణలు వినిపించకుండా పోయే ప్రమాదం ఉంది. ఎడిటింగ్ మానిటర్ మీద అందంగా కనిపించే రాత్రి దృశ్యాలు, కిటికీల సందుల్లోంచి వెలుగు పడే హాల్లో నల్లటి ముద్దగా మారిపోతాయి. అటువంటి హాలు కోసం కాస్త వెలుగు పెంచిన కాపీ ఒకటి ఉంచుకోవడం మంచిది. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసినది వాడండి. సబ్‌టైటిల్స్‌ను విడి ఫైల్‌గా కాక బొమ్మలోనే కలిపేయండి. విడిగా ఇస్తే కొన్ని ప్లేయర్లలో మన లిపుల ఒత్తులు విడిపోయి చదవడానికి వీలులేకుండా పోతాయి. కర్ణాటకలో చూపిస్తున్నారు కనుక ఇంగ్లీషుతో ఆగిపోకుండా కన్నడ సబ్‌టైటిల్స్ కూడా వేయించగలిగితే, హాల్లోని పెద్దవారు మీ సినిమాను పూర్తిగా అందుకుంటారు. ఆ ఖర్చు ఎన్నటికీ వృథా కాదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఫెస్టివళ్లకు సినిమాలు పంపే ఫిల్మ్‌ఫ్రీవే వంటి సైట్లలో రుసుము తీసుకొని, హాలు గాని ప్రేక్షకులు గాని లేకుండా, సినిమా ఎంపికైందని పోస్టరు మీద వేసుకొనే ఆకుల ముద్ర (లారెల్) మాత్రం ఇచ్చే ఫెస్టివళ్లు చాలా కనిపిస్తాయి. వాటిని వదిలేయండి. మిమ్మల్ని ఎంపిక చేసినవారిని కిందటి ఏడాది కార్యక్రమ వివరాలు అడగండి. ఏ హాలు, ఏ పూట, మీ సినిమాకు ముందూ వెనకా ఏ సినిమాలు, ప్రదర్శన తరువాత చర్చ ఉంటుందా అని అడగండి. నిజంగా నడిపేవారు వీటికి సంతోషంగా బదులిస్తారు. బరువైన సినిమా వెంటనే మీ సినిమా పడుతుంటే వరస మార్చమని కోరడానికి మొహమాటపడవద్దు.

సెన్సార్ సర్టిఫికెట్ లేదని వెనుకాడవలసిన పనిలేదు, ఫెస్టివల్ ప్రదర్శనలకు సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తీసుకొనే వీలు నిర్వాహకులకు ఉంది. జాతీయ అవార్డులకు పంపే ఉద్దేశం ఉంటే మాత్రం ఆ సర్టిఫికెట్ తప్పనిసరి కాబట్టి, ఆ దరఖాస్తు పని ఈ ఏడాదిలోనే మొదలుపెట్టండి.