చారిత్రక భాషాశాస్త్రంలో ఇంకా చేయడానికి ఏముంది?

"భాషల వయసులు, చుట్టరికాలు అంతా కంప్యూటర్లే లెక్కగట్టేస్తున్నాయట, ఎం.ఏ. తెలుగు చేసి చారిత్రక భాషాశాస్త్రంలోకి రావచ్చా?" అని మీరు అడిగారు. తప్పకుండా రండి. విశాఖలో ఇరవై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నాకు, భాషలు కాలంతో ఎలా మారాయో, ఏది దేనికి చుట్టమో వెతికే ఈ శాస్త్రం విలువ అరకులో తెలిసొచ్చింది.

‘వాఁడు’లో ఆ అరసున్న ఎందుకని పిల్లలడిగితే "పాత రాత, వదిలెయ్యండి" అనేవాణ్ణి. ఓ వేసవిలో కిరండూల్ పాసింజరెక్కి అరకు వెళ్లాను. అక్కడ పరిచయమైన కొండదొర తెగ పెద్దాయన తన అల్లుడి సంగతి చెబుతూ మధ్యలో ‘వాన్ఱు’ అన్నాడు. ‘వాడు’ అని అర్థం. మళ్లీ మళ్లీ చెప్పించుకుని విన్నాను. మన తొలి శాసనాల్లో కనిపించే రూపం అదే! వాన్ఱు వాండై, వాఁడై, చివరికి వాడైంది. నేను వదిలెయ్యమన్న అరసున్న, మనం పోగొట్టుకున్న నకారానికి ఆనవాలు. తమిళ ‘అవన్’ను పక్కన పెడితే, మొదటి అచ్చు ‘అ’ వకారం తర్వాతికి జరిగి ‘వా’ ఎలా అయిందో కూడా తెలుస్తుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు లోయలోనే, కొండదొరలు మాట్లాడే ‘కొండ’ అనే ఈ భాషను సేకరించి, 1969లో వ్యాకరణం తెచ్చారు. గోండి, కుయి, కువి, కొండ భాషలు తెలుగుకి తమిళ కన్నడాల కంటే దగ్గరి చుట్టాలని తేలింది ఇలాంటి శ్రమ వల్లే.

2018లో 20 ద్రావిడ భాషల మౌలిక పదాలను గణాంక పద్ధతిలో పోల్చి, ఈ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని అంచనా కట్టారు. గొప్ప పని. కానీ నాలుగు ప్రధాన శాఖల్లో ఏది ముందు విడిపోయిందో అందులోనూ తేలలేదు. ఆ లెక్కకు కావలసిన మాటలు మనుషులు వెళ్లి రాసుకొచ్చినవే. ఏది సొంత మాట, ఏది అరువు మాట అన్నదీ మనిషే విడదీయాలి. మన ఏజెన్సీలో అది మరీ కష్టం. గదబ అన్న ఒక్క పేరు కిందే రెండు భాషలున్నాయి: గుతోబ్ ద్రావిడంతో సంబంధం లేని ముండా కుటుంబానిది, ఒల్లారి ద్రావిడం.

ఆ పెద్దాయన మనవలు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. కాబట్టి త్వరగా రండి. ముందు, ఏ భాష శబ్దాన్నైనా రాసుకోగలిగే అంతర్జాతీయ ధ్వనిలిపి నేర్చుకోండి. ఊళ్లోకి వెళ్లగానే పదాల పట్టిక తీయకండి, కబుర్లు చెప్పించుకోండి. పట్టిక చూసి అడిగితే, మనకు అర్థం కావాలని తెలుగు మాటలే చెబుతారు. మొదటి రెండు రోజులూ నాకు దొరికినవి అవే. ‘వాన్ఱు’ మాత్రం అల్లుడి కబుర్లలోనే దొరికింది.